తీగ బిగిస్తే బంతి వేగం పెరుగుతుందా?

1970ల చివర్లో బ్యోర్న్ బోర్గ్ రాకెట్‌కు గట్టింగ్ చేయడమంటే, అంటే తీగలు కట్టడమంటే, సాహసమే. ఈ స్వీడన్ ఛాంపియన్ తన డోనే చెక్క రాకెట్ తీగలను దాదాపు 80 పౌండ్ల బిగువుతో, అంటే 36 కిలోలకు పైగా లాగి కట్టించుకునేవాడు. ఆ బిగువు తట్టుకోలేక రాత్రిపూట హోటల్ గదిలో ఎవరూ ముట్టుకోకుండానే తీగలు ఫట్టుమని తెగిపోయేవి. ఫ్రాన్స్ ఆటగాడు అడ్రియన్ మనారినోది సరిగ్గా దీనికి అటు కొస. అతని రాకెట్ బిగువు 25 పౌండ్ల దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ వదులు తీగలతోనే 2023లో మూడు ఏటీపీ టైటిళ్లు గెలిచాడు. 2024 జనవరిలో, 35 ఏళ్ల వయసులో, ప్రపంచ 17వ ర్యాంకుకు చేరాడు.

కోర్టు కొలతలు మారలేదు, బంతి బరువు మారలేదు. బిగువులో మాత్రం మూడు రెట్ల తేడా. మరి బిగువు చేసే పనేమిటి?

మామూలుగా ఆడేవాళ్లలో చాలామంది, బిగువుగా కట్టిన తీగే బంతిని గట్టిగా కొడుతుందని నమ్ముతారు. వేలితో మీటితే ఖంగుమనే రాకెట్‌లో బలం ఎక్కువని అనిపించడం సహజం. కొలిచి చూస్తే తేలింది ఇందుకు తలకిందులు: వదులు తీగే బంతిని కాస్త ఎక్కువ వేగంతో పంపుతుంది. ఆ ‘కాస్త’ ఎంతో లెక్క కట్టాక ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆటగాళ్లు ఇంతగా పట్టించుకునే పౌండ్ల అంకె కంటే, తీగను దేంతో చేశారన్నదీ దాన్ని మోసే ఫ్రేమ్ ఎలా ఉందన్నదీ టెన్నిస్‌ను ఎక్కువగా మార్చేశాయి.

శక్తి ఎక్కడ పోతుంది?

టెన్నిస్ బంతి 56 నుంచి 59.4 గ్రాముల బరువుండే రబ్బరు గుల్ల, దాని పైన ఫెల్టు. 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే సగం కంటే కొంచెం ఎక్కువ ఎత్తుకే లేస్తుంది. బంతి అలా ఉండాలని నిబంధనలే చెబుతాయి. అంటే నేలకు కొట్టుకుని నలిగి, మళ్లీ గుండ్రంగా సర్దుకునేలోపు బంతి తన శక్తిలో ఇంచుమించు 45 శాతాన్ని పోగొట్టుకుంటుంది. అది వేడిగా మారిపోతుంది.

తీగల తీరు వేరు. సాగినప్పుడు దాచుకున్న శక్తిలో 90 శాతానికి పైగా తిరిగి ఇచ్చేస్తాయి. రాకెట్ తలను కదలకుండా బిగించి, తీగల మీద అదే బంతిని వదిలితే దాదాపు 70 శాతం ఎత్తుకు ఎగురుతుంది.

బంతి రాకెట్‌కు తగిలినప్పుడు బంతి, తీగలు రెండూ ఆ దెబ్బను పంచుకుంటాయి. వదులు నులక మంచంలో కూర్చున్న మనిషి లోతుకు దిగినట్టు, మెత్తటి తీగల్లోకి బంతి లోతుగా దిగుతుంది. తీగ ఎంత ఎక్కువ సాగితే బంతి అంత తక్కువ నలుగుతుంది. శక్తిని వృథా చేసే బంతి వాటా తగ్గుతుంది, దాచి తిరిగిచ్చే తీగ వాటా పెరుగుతుంది. బిగువు పెంచితే తీగల మంచం గట్టి నేలకు దగ్గరవుతుంది, బంతే ఎక్కువగా నలగాల్సి వస్తుంది. అందుకే బిగువు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది.

తగ్గేది ఎంత? సిడ్నీ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త రాడ్ క్రాస్ ఏళ్ల తరబడి ఇలాంటి కొలతలే తీశారు. బిగువు 10 పౌండ్లు మారితే బంతి వేగంలో వచ్చే తేడా ఒక శాతం అటూ ఇటూ. గంటకు 160 కిలోమీటర్ల సర్వీసులో అది ఒకటి రెండు కిలోమీటర్ల మాట. ఎదుటి ఆటగాడు దాన్ని గమనించడం కూడా కష్టమే.

దూరాన్ని మార్చేది కోణం

వేగంలో తేడా ఇంత చిన్నదైతే, తీగ వదులవగానే బంతి గీత దాటి పోతోందని ఆటగాళ్లు ఎందుకంటారు? వాళ్లు చెప్పేది నిజమే. కారణం మాత్రం వేరే చోట ఉంది.

బంతి తీగల మీద ఉండేది 5 మిల్లీసెకన్లు, అంటే సెకనులో రెండు వందో వంతు. ఆ కాసేపట్లోనే రాకెట్ పది సెంటీమీటర్ల దాకా ముందుకు పోతుంది. బంతిని ముందుకు తిప్పుతూ కొట్టే టాప్‌స్పిన్ షాట్‌లో అయితే పైకి కూడా లేస్తూ ఉంటుంది. తీగ వదులుగా ఉంటే బంతి మరికొంచెం సేపు తీగలను అంటిపెట్టుకుని, ఆ పైకి లేచే కదలికను ఎక్కువగా అందుకుంటుంది. అలా అది కాస్త ఎత్తు కోణంలో బయటికి వస్తుంది.

కోర్టు పొడవు 23.77 మీటర్లు. బేస్‌లైన్ నుంచి బలంగా కొట్టిన బంతి బయల్దేరే కోణంలో ఒక్క డిగ్రీ తేడా వస్తే చాలు, అది పడే చోటు మీటరుకు పైగా జరిగిపోతుంది. గీత లోపల పడాల్సిన బంతి బయట పడటానికి అంత చాలదూ! ఆటగాడి కంటికి మాత్రం బంతి దూరం పోయిందంటే ‘పవర్’ పెరిగినట్టే. ‘బిగువు పెంచితే కంట్రోల్, తగ్గిస్తే పవర్’ అని గట్టింగ్ దుకాణాల్లో వినిపించే మాటలో మొదటి సగమే భౌతికశాస్త్రానికి బాగా దగ్గర.

బిగువును చేతితో పోల్చుకోగలమన్న నమ్మకాన్ని కూడా పరీక్షించారు. క్రాస్, ఆయన సహచరుడు బావర్ కలిసి బాగా ఆడగలిగిన 41 మందికి రూపంలో ఒకేలా ఉండి బిగువులో తేడా ఉన్న రాకెట్లు ఇచ్చి, ఏది బిగువో చెప్పమన్నారు. 11 పౌండ్ల తేడాను సరిగా పట్టుకున్నది నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ మందే. 22 పౌండ్ల తేడాను కూడా పట్టుకోలేనివాళ్లు మూడో వంతుకు మించి ఉన్నారు. తీగ మోగే శబ్దం, తీగ రకం, బంతి పడే చోటు ఇవన్నీ కలిసి మనసులో ‘బిగువు’ అనే ఒకే అనుభూతిగా స్థిరపడతాయి. ప్రపంచ స్థాయి ఆటగాళ్లు ఒకటి రెండు పౌండ్లకు కూడా పట్టుబడతారంటే, రోజూ గంటల తరబడి అదే రాకెట్‌తో వేల బంతులు కొట్టి సంపాదించుకున్న సూక్ష్మత వల్లే. వాళ్లు గమనించేది కూడా ఎక్కువగా బంతి ఎక్కడ పడుతోందన్నదే.

అర టన్ను మోసే చట్రం

బిగువు పూర్తి భారం పడేది ఫ్రేమ్ మీద. నేడు ఎక్కువగా వాడే రాకెట్‌లో 16 నిలువు తీగలు, 19 అడ్డ తీగలు ఉంటాయి. ఒక్కోటీ 55 పౌండ్లతో లాగి కడితే నిలువు తీగలన్నీ కలిసి తలను పొడవునా నొక్కే బలం 880 పౌండ్లు, అంటే 400 కిలోలు. అడ్డ తీగలది 1,045 పౌండ్లు, సుమారు 475 కిలోలు. మూడు వందల గ్రాముల వస్తువు రెండు దిక్కుల నుంచీ అర టన్నుకు దగ్గరైన ఒత్తిడిని రోజంతా మోస్తూ ఉంటుంది.

చెక్క ఈ పరీక్షలోనే ఆగిపోయింది. దాదాపు వందేళ్ల పాటు రాకెట్ తల వైశాల్యం 65 నుంచి 70 చదరపు అంగుళాలు దాటకపోవడానికి కారణం ఇదే. తల పెద్దది చేస్తే చెక్క వంగిపోయేది, లేదంటే మోయలేనంత మందంగా చేయాల్సి వచ్చేది. ఆ చిన్న తలతోనే చెక్క రాకెట్ బరువు 370 గ్రాములు దాటేది.

తొలి గండి కొట్టినవాడు 1920లలో ఫ్రాన్స్‌ను గెలిపించిన రెనె లకోస్ట్. ఆయన రూపొందించిన ఉక్కు రాకెట్‌ను విల్సన్ కంపెనీ 1967లో టీ2000 పేరుతో అమెరికాలో అమ్మింది. జిమ్మీ కానర్స్ దాన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. 1975 వింబుల్డన్ ఫైనల్లో కానర్స్ ఆ ఉక్కు రాకెట్‌తోనే దిగాడు. ఎదురుగా ఆర్థర్ యాష్ చేతిలో ఉన్నది అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ కలిపిన హెడ్ కంపెనీ రాకెట్. గెలిచింది యాష్. చెక్క ఇంకా రాజ్యమేలుతున్న రోజుల్లో ఆ ఫైనల్ రెండు లోహపు రాకెట్ల మధ్య జరిగింది.

అసలు మలుపు తెచ్చినవాడు ఆటగాడు కాదు. హోవర్డ్ హెడ్ విమానాల లోహ పరిజ్ఞానంతో మంచు స్కీలు తయారుచేసి పేరు సంపాదించిన అమెరికన్ ఇంజనీరు. ఉద్యోగ బాధ్యతలు దిగాక టెన్నిస్ నేర్చుకోబోతే ఆట ఎంతకీ పట్టుబడలేదు. బంతి తీగల మధ్యలో కాకుండా పక్కకు తగిలిన ప్రతిసారీ రాకెట్ చేతిలో మెలి తిరిగేది. ఇంజనీరు కాబట్టి లోపం రాకెట్‌లో వెతికాడు. బరువు మధ్య గీత నుంచి ఎంత దూరంలో ఉంటే మెలితిప్పును అంత గట్టిగా ఎదిరిస్తుంది, పైగా ఆ నిరోధం దూరానికి వర్గంగా పెరుగుతుంది. తలను వెడల్పు చేస్తే, బరువు పెంచకుండానే రాకెట్ నిలకడ ఎంతో మెరుగవుతుందన్నమాట. 1976లో ప్రిన్స్ పేరుతో 110 చదరపు అంగుళాల తల ఉన్న అల్యూమినియం రాకెట్ మార్కెట్‌లోకి వచ్చింది. 85 నుంచి 130 చదరపు అంగుళాల మధ్య ఉన్న తలలన్నిటికీ వర్తించేలా హెడ్ పేటెంట్ కూడా సంపాదించాడు.

మొదట అది ముసలివాళ్ల రాకెట్ అన్నారు. 1978లో 16 ఏళ్ల పామ్ ష్రైవర్ అదే రాకెట్‌తో యూఎస్ ఓపెన్ సెమీస్‌లో మార్టినా నవ్రతిలోవాను ఓడించి ఫైనల్ చేరింది. ఆ తర్వాత ఆ మాట వినబడలేదు. 1983లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన యానిక్ నోవాతో, పురుషుల గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లలో చెక్క రాకెట్ల కథ ముగిసింది.

అప్పటికే గ్రాఫైట్ వచ్చేసింది. కార్బన్ పోగులను రెసిన్‌లో కలిపి చేసిన ఈ ఫ్రేమ్ తేలిక, గట్టి. గట్టితనం ఎందుకు ముఖ్యమో కాలం లెక్క చెబుతుంది. బంతి తగలగానే ఫ్రేమ్ వెనక్కి వంగుతుంది. అది కంపించి తిరిగి నిటారుగా వచ్చేసరికి బంతి వెళ్లిపోయి ఉంటుంది. తీగలు దాచుకున్న శక్తి బంతికి సమయానికి అందుతుంది, ఫ్రేమ్ వంగడంలో ఖర్చయినది అందదు. అందుకే మెత్తటి తీగలు, గట్టి ఫ్రేమ్ ఉన్న జోడీ బంతిని అన్నిటికంటే వేగంగా పంపుతుంది. బిగువు మార్చి సంపాదించేదాని కంటే ఇలా ఫ్రేమ్ మార్చి సంపాదించే వేగం చాలా ఎక్కువ.

పెద్ద తలకు గొప్ప ఆటగాళ్లు కూడా ఆలస్యంగానే లొంగారు. పీట్ సాంప్రాస్ తన ఆట ముగిసేదాకా 85 చదరపు అంగుళాల బరువైన రాకెట్‌తోనే, 70 పౌండ్లకు మించిన బిగువుతో ఆడాడు. రోజర్ ఫెదరర్ 90 చదరపు అంగుళాలతో పదేళ్లకు పైగా గెలుస్తూ వచ్చి, 2014లో 97కి మారాడు. ఆ రాకెట్‌తో 2017, 2018లలో మరో మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు.

స్పఘెట్టి రాకెట్ నేర్పిన పాఠం

ఫ్రేమ్ వేగం ఇచ్చింది. అంత వేగంతో కొట్టిన బంతిని కోర్టులోపలే దించాలంటే స్పిన్ కావాలి. పైనుంచి ముందుకు తిరిగే బంతిని గాలి కిందికి నొక్కుతుంది, భౌతికశాస్త్రంలో దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. స్పిన్ పెంచే కీలకం తీగల్లో ఉందని ప్రపంచానికి తెలిసింది 1977లో, ఒక వివాదంతో.

జర్మనీకి చెందిన వెర్నర్ ఫిషర్ ఒక వింత రాకెట్ తయారుచేశాడు. అందులో నిలువు తీగలు రెండు పొరలుగా, అడ్డ తీగలతో అల్లకుండా ఉండేవి. బంతి తగిలితే నిలువు తీగలన్నీ గుంపుగా పక్కకు జారి, తిరిగి వస్తూ బంతిని తిప్పేసేవి. ప్లాస్టిక్ గొట్టాలు తొడిగిన ఆ తీగలను చూసి జనం దానికి ‘స్పఘెట్టి రాకెట్’ అని పేరు పెట్టారు. ర్యాంకుల్లో ఎక్కడో అడుగున ఉన్న మైక్ ఫిష్‌బాక్ దాంతో ఆ ఏడాది యూఎస్ ఓపెన్‌లో స్టాన్ స్మిత్‌ను ఓడించాడు. అక్టోబరులో ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో జరిగిన ఫైనల్లో ఇలీ నస్తాసే దాన్ని చేతబట్టి గిలెర్మో విలాస్ మీదికి వచ్చాడు. మట్టి కోర్టుల మీద వరసగా 53 మ్యాచ్‌లు గెలిచిన విలాస్, రెండు సెట్లు పోయాక విసిగి ఆట విరమించాడు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ఆ రాకెట్‌ను వెంటనే నిషేధించింది. అప్పటిదాకా రాకెట్ ఎలా ఉండాలో చెప్పే నియమమే లేదు. 1978లో తొలిసారి రాశారు: తీగలు ఒకదాని కింద ఒకటి, ఒకదాని మీద ఒకటి అల్లుకుని ఉండాలి.

ఆ నియమం లోపలే, ఎవరూ ఊహించని దారిలో స్పఘెట్టి భౌతికశాస్త్రం తిరిగి వచ్చింది. 1997 ఫ్రెంచ్ ఓపెన్‌కు 66వ ర్యాంకుతో వచ్చిన బ్రెజిల్ కుర్రాడు గుస్తావో కుయెర్తెన్, ముస్టర్, కఫెల్నికోవ్, బ్రుగుయెరా అనే ముగ్గురు మాజీ ఛాంపియన్లను ఓడించి కప్పు ఎత్తుకున్నాడు. అతని రాకెట్‌లో ఉన్నది బెల్జియం కంపెనీ లుక్సిలాన్ తయారుచేసిన పాలియెస్టర్ తీగ. అప్పటిదాకా పెద్ద ఆటగాళ్లు ఎక్కువగా ఆవు పేగుల నుంచి చేసే సహజ గట్‌నే వాడేవారు. ఫ్రాన్స్‌లోని లియాన్‌కు చెందిన బాబొలా కుటుంబం 1875 నుంచి తయారుచేస్తున్నది ఇదే. సహజ గట్ మెత్తన, బాగా సాగుతుంది, శక్తిని బాగా తిరిగిస్తుంది. పాలియెస్టర్ దానికి పూర్తిగా భిన్నం: బిరుసు, నునుపు, వేగం తక్కువ.

రహస్యం ఆ నునుపులోనే ఉంది. రాకెట్ బంతిని కింది నుంచి పైకి ఒరుసుకుంటూ పోయేటప్పుడు నిలువు తీగలు బంతితో పాటు పక్కకు జారతాయి. అడ్డ తీగల మీద రాపిడి తక్కువైతే, బంతి ఇంకా తీగల మీద ఉండగానే అవి చటుక్కున తమ చోటికి తిరిగి వచ్చేస్తాయి, వస్తూ బంతిని అదనంగా తిప్పుతాయి. జపాన్ ఇంజనీరు యోషిహికో కవాజోయే హైస్పీడ్ కెమెరాలతో దీన్ని పట్టి చూపించారు. అరిగి గాట్లు పడిన పాత తీగలు జారలేక స్పిన్ తగ్గిపోతుంది. వాటికే నూనె లాంటి జారుడు పదార్థం రాస్తే స్పిన్ తిరిగి పెరుగుతుంది. తీగ గరుకుగా ఉంటే బంతిని పట్టుకుని ఎక్కువ తిప్పుతుందన్న పాత నమ్మకం అక్కడితో సడలిపోయింది.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. జాన్ యాండెల్ అనే అమెరికన్ కోచ్ హైస్పీడ్ వీడియోలతో లెక్కించినప్పుడు సాంప్రాస్, అగస్సీల ఫోర్‌హ్యాండ్ బంతి నిమిషానికి 1,800 నుంచి 1,900 చుట్లు తిరిగింది. రఫెల్ నదాల్ సగటు 3,200. ఇందులో నదాల్ భుజబలం, స్వింగ్ వేగం పాత్ర పెద్దదే. పాలియెస్టర్ లేకుండా అలాంటి స్వింగ్‌కు సాహసించడం కష్టం. కొత్త తీగ బంతిని కోర్టులో దించుతుందన్న ధీమా ఉంటేనే ఆటగాడు చేతిని అంత వేగంగా విసురుతాడు. ఆండ్రె అగస్సీ 2002లో ఈ తీగకు మారాక తన ఆట ఎలా కొత్తగా మారిపోయిందో ఆత్మకథలో ప్రత్యేకంగా రాసుకున్నాడు.

బిగువు కథ కూడా ఇక్కడే మలుపు తిరిగింది. స్పిన్ బంతిని దించుతున్నప్పుడు, దాన్ని అదుపు చేయడానికి 70, 80 పౌండ్లు అక్కర్లేదు. పాలియెస్టర్ ఎలాగూ బిరుసు కాబట్టి బిగువు తగ్గిస్తేనే చేతికి హాయి. నదాల్ దాదాపు 55 పౌండ్లతో ఆడాడు, అంతకంటే కింద ఆడేవాళ్లు నేడు ఎందరో. ఫెదరర్, జోకోవిచ్ మధ్యే మార్గం ఎంచుకున్నారు: నిలువు తీగలు సహజ గట్, అడ్డ తీగలు పాలియెస్టర్. మెత్తదనం, శక్తి ఒకదాని నుంచి, జారుడు మరోదాని నుంచి.

మోచేయి చెప్పే సంగతి

రాకెట్ మీద బంతి హాయిగా తగిలే చోటు, అంటే ‘స్వీట్ స్పాట్’, ఒకటే అని అందరూ అనుకుంటారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త హోవర్డ్ బ్రోడీ అవి మూడని తేల్చారు. బంతి తగిలినా ఫ్రేమ్ కంపించని చోటు ఒకటి, పిడి చేతిని వెనక్కీ ముందుకీ తన్నని చోటు ఇంకొకటి, బంతి అన్నిటికంటే బలంగా తిరిగి వచ్చే చోటు మూడోది. మూడోది తల మధ్య నుంచి పిడి వైపు కాస్త కిందికి ఉంటుంది.

ఈ చోట్లకు దూరంగా బంతి తగిలిన ప్రతిసారీ ఆ కుదుపు మణికట్టు, మోచేయి భరిస్తాయి. గట్టి ఫ్రేమ్, బిరుసు పాలియెస్టర్, ఎక్కువ బిగువు మూడూ కలిస్తే ఆ భారం పెరుగుతుంది. చాలామంది తీగల మధ్య చిన్న రబ్బరు డాంపెనర్ పెట్టి మోచేయిని కాపాడుకుంటున్నామని అనుకుంటారు. అది ఆపేది తీగల మోతను మాత్రమే. చేతికి చేరే ఫ్రేమ్ కంపనం తీగ మోతకంటే చాలా నెమ్మదిది, దాని మీద ఆ కొద్ది గ్రాముల రబ్బరు ప్రభావం ఏమీ ఉండదు. మోచేయి నొప్పి మొదలైనవాళ్లకు మెత్తటి తీగ, తక్కువ బిగువు, కాస్త బరువున్న రాకెట్ మేలు చేస్తాయి. తేలిక రాకెట్ చేతికి సుఖమనిపించినా, బంతి దెబ్బకు వెనక్కి తిరగబడేది అదే ఎక్కువ.

ఎన్ని పౌండ్లు వేయించాలి?

మెషిన్ మీద వేసిన అంకె రాకెట్‌లో నిలవదు. గట్టింగ్ అయిన మొదటి రోజులోనే బిగువు పది శాతం దాకా జారిపోవచ్చు. పాలియెస్టర్ బిగువు అన్నిటికంటే వేగంగా జారుతుంది, తెగకుండానే చచ్చిపోతుంది. అప్పుడు నిలువు తీగలు పక్కకు జారి, తిరిగి రాకుండా అక్కడే ఉండిపోతాయి. ఆ తీగ చూడటానికి బాగానే ఉన్నా స్పిన్ ఇవ్వదు, చేతిని మాత్రం బాధిస్తుంది. మ్యాచ్‌లో మొదటి ఏడు గేమ్‌లకు, ఆ తర్వాత ప్రతి తొమ్మిది గేమ్‌లకు బంతులు మార్చినప్పుడల్లా పెద్ద ఆటగాళ్లు కొత్తగా గట్టింగ్ చేసిన రాకెట్ తీయడం అందుకే.

మన ఊళ్ల వాతావరణం దీన్ని ఇంకా పెంచుతుంది. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎండలో ఆపిన కారులో రాకెట్ వదిలేస్తే వేడికి తీగలు మెత్తబడి బిగువు కోల్పోతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరపట్టణాల తేమలో సహజ గట్ నీరు పీల్చుకుని త్వరగా పాడవుతుంది.

సానియా మీర్జా ఆట చూసి అకాడమీల్లో చేరిన పిల్లలు చాలామంది టీవీలో కనిపించిన ఆటగాడి రాకెట్, అతను వాడే పాలియెస్టర్ తీగ, అతని పౌండ్లు అడుగుతారు. పన్నెండేళ్ల చేతికి ఆ స్వింగ్ వేగం ఉండదు. స్వింగ్ వేగం లేకపోతే నిలువు తీగలు పెద్దగా జారవు, స్పిన్ లాభం చేతికందదు, బిరుసుదనం మాత్రం మోచేతికి మిగులుతుంది. తీగలు తరచూ తెంపేంత బలం వచ్చేదాకా సన్నటి పోగులెన్నో కలిపి చేసిన మెత్తటి మల్టీఫిలమెంట్ నైలాన్ తీగే వాళ్లకు సరిపోతుంది. ప్రతి రాకెట్ ఫ్రేమ్ మీద కంపెనీ ముద్రించే బిగువు పరిధిలో మధ్య అంకెతో మొదలుపెట్టి, బంతులు తరచుగా గీత దాటుతుంటే రెండు పౌండ్లు పెంచడం, నెట్‌కు తగులుతుంటే రెండు పౌండ్లు తగ్గించడం ఒక మంచి పద్ధతి. ఒక గట్టింగ్‌కు ఒక్క మార్పే చేయాలి. తీగ, బిగువు, రాకెట్ మూడూ ఒకేసారి మార్చితే ఏది ఏం చేసిందో ఎప్పటికీ తెలియదు.